ఆయన కోసం కుట్టిన పరుపు

ఎండాకాలం వస్తే మాకు తలెత్తే తీరిక ఉండదు. ఏడాదంతా ఒంటి బరువుకి నలిగి గట్టిపడ్డ పరుపులు ఊరి నలుమూలల నుంచీ మా కొట్టుకే వస్తాయి. వాటిని విప్పాలి, దూది ఎండబెట్టాలి, ఏకాలి, కొత్త గుడ్డలో కూరి మళ్లీ కుట్టాలి. వానలు పడేదాకా ఊపిరి తీసుకుంటే ముక్కులోకి దూదే. అలాంటి ఎండాకాలాలు ఎన్నో గడిచి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం విడిగా నిలబడిపోయింది. ఆ ఏడు మా ఆయన ఇంట్లోనే ఉండి నాకు లేకుండా పోయాడు. ఆయన్ని మళ్లీ నా పక్కకి తెచ్చుకోవడం తప్ప ఆ కాలమంతా నాకు వేరే ధ్యాస లేదు.

జబ్బు సంగతి గబగబా చెప్పేస్తాను. దాన్ని సాగదీసినవాడు మా ఆయన, నేను కూడా సాగదీయడం ఎందుకు? మగాళ్లకి మాత్రమే ఉండే చోట చిన్న పుండు లేచింది. సిగ్గుపడి నెలల తరబడి దాచాడు. మందుల షాపులో ఏదో పూత అడిగి తెచ్చుకుని రాసుకున్నాడు. తన బట్టలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లకి మొగుడికి బుద్ధొచ్చిందని నేను పొంగిపోయి పక్కింటావిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. చివరికి నడవలేని స్థితికొస్తే ఆస్పత్రికి లాక్కెళ్లాను. క్యాన్సరన్నారు. చలికాలం చివర్లో ఆపరేషన్ చేసి, సగానికి పైగా తీసేశారు.

డిశ్చార్జి చేసేరోజు పెద్ద డాక్టరు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టాడు. ఇక ప్రాణానికి భయం లేదనీ, గాయం మానాక మామూలుగా కాపురం చేసుకోవచ్చనీ చెప్పి కంప్యూటరు వైపు తిరిగాడు. మామూలుగా అంటే ఎలాగో మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. ఆయన పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు, నేను ఆయన చెప్పులు చూస్తున్నాను. నా నోటికి జడిసి బేరాలాడేవాళ్లు కూడా ఆయన దగ్గరికే వెళ్తారు. అలాంటిదానికి ఆ గదిలో నోరు పెగల్లేదు. బయటికొచ్చాక ఆయన ఆటో కోసం చెయ్యెత్తాడు, నేను మందుల సంచీ పట్టుకున్నాను, ఇల్లు చేరిపోయాం.

ఇంటికొచ్చిన కొత్తలో ఆయనకి పడుకోవడమే పెద్ద కష్టం. పక్కకి తిరగలేడు, బోర్లా పడుకోలేడు. మా మంచం మీది డబుల్ పరుపు ఎన్నో ఏళ్లనాటిది. ఊరందరి పరుపులూ బాగుచేసేవాళ్లం కదా, మాది బాగుచేసుకునే తీరిక ఎప్పుడూ లేదు. మధ్యలో గుంటపడి, ఆయన కదిలితే నేను దొర్లుతాను, నేను కదిలితే ఆయన దొర్లుతాడు. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ ఆ గుంట మాకు అడ్డం రాలేదు సరికదా, చాలా పనికొచ్చింది. గాయంతో ఉన్న మనిషికి మాత్రం అది నరకం.

అందుకని నేను కొట్టుకి వెళ్లి, ఆయనకి తెలియకుండా ఒక పరుపు కుట్టాను. ఇటూ అటూ దొర్లకుండా ఉంటాడని వెడల్పు తగ్గించి సింగిల్ కొలత పెట్టాను. ఉన్న దూదిలో మెత్తనిది ఏరి, రెండుసార్లు ఏకించాను. నిద్రలో కాళ్లు దగ్గరికొచ్చి గాయం ఒరుసుకోకుండా మధ్యలో చిన్న గట్టులా ఎత్తు పెట్టి, దాని చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేశాను. నా చేత్తో అంత శ్రద్ధగా కుట్టిన పరుపు మరొకటి లేదు. పడకగదిలో డబుల్ మంచం పక్కన చోటు లేక ముందుగదిలో వేశాను.

ఆయన ఎవరి పరుపైనా చూసినట్టే అరచేత్తో నాలుగు మూలలా నొక్కి చూశాడు. "బాగా కుట్టావు" అన్నాడు. దాని మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. నొప్పి తగ్గి నిద్ర పట్టిందేమోనని నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

గాయం మానింది. కుట్లు తీసేశారు. ఆయన కొట్టుకి కూడా వస్తున్నాడు. కానీ పడుకోవడానికి మాత్రం ముందుగదిలోకే వెళ్తున్నాడు. మొదట్లో ఇంకా నొప్పేమో అనుకున్నాను. డాక్టరు చెప్పినట్టు గాయం పూర్తిగా మానాక, రేపో ఎల్లుండో లేచి వస్తాడనుకున్నాను. డబుల్ పరుపు మీద ఆయన చోటు ఆయనకి వదిలేసి ఒక అంచుకి ఒదిగి పడుకునేదాన్ని. ఆయన రాలేదు. పగలు నా పక్క నుంచి నడిస్తే భుజం తగలకుండా తప్పుకుంటున్నాడు. కాఫీ గ్లాసు అందిస్తే వేళ్లు తగలకుండా అడుగున పట్టుకుంటున్నాడు. నేనంటే ఆయనకి ఇష్టం పోయిందనుకున్నాను. ఆ మాట అనుకున్నరోజు కొట్లో దూది ఏకే మిషను చప్పుడులో ఎవరికీ వినపడకుండా ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే మా వదిన దిగింది. ఆయనకి స్వయానా అక్క. మనసు వెన్న, మాట మాత్రం రంపం. తమ్ముడికి సేవ చేయడానికని రెండు పెట్టెలు వేసుకుని వచ్చింది. ముందుగదిలో ఆయన పరుపు చూసి, "మంచిపని చేశావు అమ్మాయ్. ఇక ఈ వయసులో ఆ గొడవలన్నీ ఎందుకు, ప్రాణం దక్కింది చాలు" అని ఆయన ముందే నన్ను మెచ్చుకుంది. ఆయన విననట్టు నీళ్ల చెంబు కోసం వంగాడు. నాకేమో కొంపలో ఎక్కడ తల దాచుకోవాలో తెలియలేదు. అంతటితో అయిపోతే బాగుండేది. వదినకి ముందుగదిలో గాలి పడదట, నేల మీద నడుం పట్టేస్తుందట. ఆయన కోసం నేను ఖాళీగా ఉంచిన చోట మా వదిన వాలింది. పడుకోగానే గుంటలోకి దొర్లి నా మీదకొచ్చేది. మొగుడి కోసం కాచుకున్న చోట ఆడపడుచుని మోసిన ఆడది లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎండలు ముదిరాయి. పని మీద పని వచ్చి పడుతోంది. కొట్టు డాబా మీద ఎండబెట్టిన దూదిని కర్రతో తిరగేస్తూ ఒకరోజు ఆయన ఉన్నట్టుండి దూదిలోకి కూలబడ్డాడు. నేను పరుగెత్తుకెళ్లి నీడలోకి లాగి ముఖాన నీళ్లు కొట్టాను. పెదాలు ఎండిపోయి పగిలి ఉన్నాయి. ఆయన సీసా చూస్తే పొద్దున నేను నింపిన నీళ్లు గుక్క తగ్గకుండా అలాగే ఉన్నాయి. అప్పుడు ఆలోచిస్తే, వారం పది రోజులుగా ఆ సీసా నిండుగానే తిరిగొస్తోంది.

నీళ్లెందుకు తాగడంలేదని అడిగితే దాహం లేదన్నాడు. ఆ ఎండలో దాహం లేనిది రాళ్లకే. నేను వదల్లేదు. నేల చూస్తూ చెప్పాడు. మా వరస కొట్లన్నిటికీ కలిపి వెనకాల ఒకటే మరుగుదొడ్డి, ఆడవాళ్లకి ఒక వైపు, మగాళ్లకి ఒక వైపు. మగాళ్లు గోడవారగా వరసలో నిలబడతారు. ఆపరేషన్ తర్వాత ధార ఎటుపడితే అటు పోతోందట, ప్యాంటు తడిసిపోతోందట. ఒకరోజు పక్క కొట్లో క్షవరం చేసే ఆయన చూసి ముఖం తిప్పుకున్నాడట. అప్పటి నుంచీ అక్కడికి వెళ్లాల్సిన పని లేకుండా ఉండటానికి మంచినీళ్లు మానేశాడు.

"కూర్చుని వెళ్లచ్చు కదా?" అన్నాను.

"మగాణ్ణి. కూర్చుంటే ఏమనుకుంటారు?"

"నేను పుట్టినప్పటి నుంచీ కూర్చునే వెళ్తున్నాను. నా పరువేం పోలేదే."

ఆయన నా వైపు చూశాడు. పగిలిన పెదాలతోనే ఫక్కున నవ్వాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచి, ఆడవాళ్ల వైపు మూలన కమోడ్ ఉన్న గదికి గట్టి గడియ వేయించాను. మా ఆయనకి నడుం పట్టేసిందనీ, కొన్నాళ్లు కుర్చీలా ఉండేదే వాడాలన్నారనీ వరస కొట్లన్నిటికీ నేనే చాటింపు వేశాను. మర్నాటి నుంచి సీసా ఖాళీ అయింది.

సీసా సంగతి తేలింది కానీ అసలు సంగతి తేలలేదు. సాయంత్రం ఇంటికెళ్లాక మళ్లీ ముందుగదే, మళ్లీ గోడ వైపు ముఖమే. అన్ని మాటలు చెప్పిన మనిషి ఆ ఒక్క మాట ఎందుకు చెప్పడో నాకు అర్థం కాలేదు. నాకు కావాలని నోరు తెరిచి అడగడానికి నాకు సిగ్గు. మాకు పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది, ఒక్కగానొక్క కూతురు ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్లో ఉంటోంది, ఇంకా నాకు సిగ్గు.

మా వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఒక పాడలవాటు ఉంటుంది. పరుపు చూసి కాపురం చెప్పేస్తాం. ఏ వైపు ఎక్కువ నలిగింది, మధ్యలో గుంట ఉందా రెండు చివర్లా ఉందా, కొత్తది గట్టిగా కావాలన్నదెవరు, మెత్తగా కావాలన్నదెవరు. ఈ విద్యలో మా ఆయన నాకంటే ఆరితేరినవాడు. డబుల్ పరుపు తెచ్చి రెండు సింగిళ్లు చేసిమ్మనేవాళ్లు ఎప్పుడైనా వస్తే, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "అయిపోయింది. ఆ ఇంట్లో ఇక కబుర్లే" అనేవాడు. నేను ఊరుకోండి అంటూనే నవ్వేదాన్ని.

ఎండాకాలం సగం దాటాక అలాంటి జంటే ఒకటి వచ్చింది. ఒక లెక్కల మేష్టారూ, ఆయన భార్యా. వ్యానులో డబుల్ పరుపు వేసుకొచ్చి రెండు చేయమన్నారు. సాయంత్రానికి కావాలన్నారు. మేష్టారి గురక భరించలేకపోతున్నానని ఆవిడ నవ్వుతూ చెప్పింది. మేష్టారు నవ్వలేదు, పరుపు మీది దుమ్ము దులుపుతూ నిలబడ్డాడు. వ్యాను వెళ్లిపోయింది. మా ఆయన అనే మాట కోసం నేను అలవాటుగా ఎదురుచూశాను. ఆయన ఏమీ అనకుండా బ్లేడు తీసుకుని పరుపు కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి మొదటి సింగిల్ తయారైంది. లోపల దూది జరిగిపోకుండా టాకాలు వేయడమే మిగిలింది. ఆ పనికి ఇద్దరు కావాలి. పరుపుని రెండు కొయ్యల మధ్య గోడలా నిలబెట్టి, ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడతాం. ఇటు నుంచి నేను దబ్బనం గుచ్చితే అది అటు తేలుతుంది. ఆయన లాగి, బెత్తెడు పక్కన మళ్లీ నా వైపుకి గుచ్చుతాడు. ఒకరి ముఖం ఒకరికి కనపడదు. దారం బిగువుని బట్టి అవతలి చేయి ఎక్కడుందో తెలుస్తుంది.

రెండు వరసలు అయ్యాక ఆయన గొంతు అవతలి నుంచి వచ్చింది.

"ఇలా చేయించుకునేవాళ్లని చూసి ఇన్నాళ్లూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఇద్దరిలో ఒకళ్లకి అక్కర్లేనప్పుడు ఏం చేస్తారు పాపం."

"ఎవరికి అక్కర్లేదు?" అన్నాను, మేష్టారి సంగతి అనుకుని.

దబ్బనం నా వైపు తేలింది. లాగి, మళ్లీ పంపాను.

"నీకు" అన్నాడు. "నేను తప్పు పట్టడంలేదు. నోటితో చెప్పలేక పరుపుతో చెప్పావు. నేను ఇంటికొచ్చిన వారానికే నాకు సింగిల్ కుట్టి ముందుగదిలో వేశావు. నాకు అర్థమైంది."

దబ్బనం మళ్లీ నా వైపు వచ్చింది. ఈసారి లాగలేకపోయాను. దాని మొన చూస్తూ ఉండిపోయాను. నా చేత్తో కుట్టిన పరుపుల్లోకెల్లా మంచి పరుపు మీద పడుకుని, ఇన్నాళ్లూ ఆయన అనుకుంటున్నది ఇదా. ఊళ్లో ఇంకే మొగుడైనా అయితే, పెళ్లాం కొత్త పరుపు కుట్టిచ్చిందని సంతోషించి నిద్రపోయేవాడు. కొలత చూసి గుండె పగలగొట్టుకునేది ఒక్క మా ఆయనే.

"వెడల్పైతే మీరు దొర్లుతారని సింగిల్ కుట్టాను" అన్నాను. "కాళ్లు ఒరుసుకుంటాయని మధ్యలో ఎత్తు పెట్టాను. గది ఇరుకని బయట వేశాను. గాయం మానగానే లేచి వస్తారని మీ చోటు ఖాళీగా ఉంచుకుని కూర్చున్నాను. ఆ చోట ఇప్పుడు మీ అక్కయ్య పడుకుంటోంది."

దబ్బనం లాగి చేత్తో పట్టుకున్నాను.

"మీకు అక్కర్లేదేమోనని నేననుకున్నాను" అన్నాను.

"నాకా?" అన్నాడు. "చూస్తే నీకు అసహ్యం వేస్తుంది" అన్నాడు.

"చూపించారా, వేయడానికి?"

"పోనీ, జాలి వేస్తుంది."

"నాకు జాలి రాదని మీకు తెలుసు. కోపం వస్తుంది. ఇప్పుడు వస్తోంది."

"ఇప్పుడు నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏముందని?"

"చేతులున్నాయి. ఒళ్లుంది. నోరుంది, దాంతో ఈ మాట ఎప్పుడో అడిగి ఉండాల్సింది. నాకు మీరు కావాలండీ. ఆ ముక్క ఒక్కటీ కాదు, మీరు."

అవతల ఆయన ఏడుస్తున్నాడో ఊరికే నిలబడ్డాడో తెలియలేదు. దారం మాత్రం సన్నగా వణుకుతోంది. ఆయన అటు కొస వదల్లేదని తెలిసింది. దారం ఒకసారి లాగి, "దబ్బనం పంపు. సాయంత్రానికి ఇస్తామన్నాం" అన్నాడు.

మిగతా వరసలన్నీ మాటల్లేకుండానే కుట్టాం. ఆ పరుపు మీద టాకాలు కాస్త వంకరగా పడ్డాయి. మేష్టారి భార్య గమనించలేదు.

ఆ వారమే ఆస్పత్రిలో చూపించుకోవాల్సి ఉంది. డాక్టరు గజ్జల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో నొక్కి చూసి, అంతా బాగుందని పంపేశాడు. బయటికొచ్చాక ఆయన ఇంటి దారి పట్టకుండా, మొదట్లో కట్లు కట్టిన సిస్టరు గది ముందు ఆగాడు. లావుపాటి మనిషి, అందరినీ తమ్ముడూ అని పిలుస్తుంది. లోపలికెళ్లి, తలుపు వేసి, నిలబడే అడిగాడు.

"మేము కలిసి ఉంటే ఈవిడకి ఈ జబ్బు అంటుతుందా సిస్టర్?"

ఈ భయం కూడా కడుపులో పెట్టుకుని తిరిగాడన్నమాట. సిస్టరు కుర్చీలు లాగి మా ఇద్దరినీ కూర్చోబెట్టింది. క్యాన్సరు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదంది. కొందరిలో దీని వెనక ఒక వైరస్ ఉంటుందనీ, దానికోసం ఆడవాళ్లు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోవడం ఎలాగూ మంచిదనీ, నన్ను కూడా చేయించుకోమనీ చెప్పింది. చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు.

తర్వాత, పెద్ద డాక్టరు చెప్పకుండా వదిలేసిన మామూలు అనే మాటని ఆవిడ విప్పి చెప్పింది. ఉన్నంతలో స్పర్శ ఉంటుంది, కోరిక ఉంటుంది, సుఖం కూడా ఉంటుంది, కానీ మునుపటిలాగే ఉండి తీరాలని పట్టుబడితే ఇద్దరూ బాధపడతారంది. ముందు ఊరికే ఒకళ్లనొకళ్లు తాకుతూ ఉండమంది. ఒక రకంగా కుదరకపోతే ఇంకో రకంగా చూసుకోమంది. అసలేదీ కుదరకపోతే దానికీ వేరే డాక్టరున్నారు, సిగ్గుపడకుండా రమ్మంది. "కుదరనిరోజు మాత్రం పరీక్ష తప్పినట్టు ముఖాలు పెట్టుకోకు తమ్ముడూ" అంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను మాత్రం ఈసారి ఎవరి చెప్పులూ చూడలేదు, ఆవిడ ముఖంలోకే చూస్తూ అంతా విన్నాను. మెట్లు దిగుతూ ఆయన, "విన్నావా?" అన్నాడు. చెవుడు రాలేదన్నాను.

విన్నాం సరే, ఎక్కడ? ఇంట్లో మా వదిన ఉంది. తమ్ముడు ధైర్యం చేసి, అక్కా నువ్వు నాలుగు రోజులు ముందుగదిలో పడుకో అన్నాడు. ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు. తనకి ముందుగదిలో గాలి పడదని తెలిసి తెలిసీ ఎలా అన్నాడని చిన్నబుచ్చుకుని, ఆ పూట అన్నం సరిగా తినలేదు. మేమిద్దరం ఆవిడని బతిమాలుకోవడంలోనే పడ్డాం. ఆవిడ గిన్నెలు కడుగుతూ మమ్మల్ని తిట్టుకుంటుంటే, మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాం. పెరట్లో ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. పట్టుకుని, వదలడం మర్చిపోయినట్టు నిలబడ్డాడు. అది చాలనిపించింది ఆ రోజుకి.

తర్వాత రెండు రోజులకి, మిట్టమధ్యాహ్నం, నేను కొట్టు వెనకగదిలో కూర్చుని దూదిలో గింజలు ఏరుతున్నాను. వీధిలో పురుగు కూడా తిరగడంలేదు. ముందు షట్టరు గరగరమని కిందికి దిగిన చప్పుడైంది. గది మసకైంది. తల తిప్పి చూస్తే ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"కొట్టు మూశారేం?"

"ఎండగా ఉంది."

"ఎండాకాలం ఎండగానే ఉంటుంది."

కొట్టునిండా పరుపులున్నాయి కానీ అవి జనానివి. కొన్నవాళ్లకంటే ముందు వాటి మీద మనం ఒళ్లు వాల్చకూడదని ఆయన పట్టుదల. అందుకని ఏకి పోసిన దూది కుప్ప మీద కొత్త గుడ్డ ఒకటి పరిచాడు. అంచులు సరిచేశాడు, ముడతలు లాగాడు. ఎంతసేపు సరిచేస్తారండీ అని నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇద్దరం కూర్చోగానే నడుములోతు దిగబడిపోయాం. ఎగిరిన దూదికి ఆయనకి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మీ తుమ్మీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి ఆగాక కూడా కళ్లనీళ్లు ఆగలేదు. నేను తుడవలేదు. ఆయన భుజం మీద తల పెట్టుకుని ఊరుకున్నాను. ఎన్ని నెలలైందో ఆ చెమట వాసన నాకు దగ్గరగా తగిలి.

షట్టరు సందుల్లోంచి వచ్చే వెలుగు అక్కడిదాకా పడుతోంది. చీకటి చేయమంటావా అన్నాడు. వద్దన్నాను. అప్పుడు చూపించాడు. ముఖం అటు తిప్పుకుని, నన్ను చూడకుండా చూపించాడు. నేను చూశాను. కురచైపోయింది, చివర నున్నగా మానిన మచ్చ. అంతే. నేను భయపడినంత లేదు. అది మా ఆయనది, పరాయిది కాదు. ఇన్నాళ్లూ స్నానాల గదిలో ఒక్కడే దీన్ని చూసుకుని ఎంత కుమిలిపోయాడో అనుకుంటే మాత్రం నా ప్రాణం విలవిల్లాడింది. నెమ్మదిగా చెయ్యి వేశాను.

"నొప్పా?"

"లేదు."

"ఇక్కడ?"

ఆయన ఊపిరి బిగబట్టాడు. నా వైపు తిరిగాడు. "తెలుస్తోంది" అన్నాడు. తన ఒళ్లు తనకే తెలియడం వింతైనట్టు మళ్లీ అన్నాడు. "తెలుస్తోందే."

ఆ మధ్యాహ్నం గురించి ఇంతకంటే చెప్పను, అది మా ఇద్దరిదీ. అంతా మునుపటిలా అయిపోయిందని మాత్రం అబద్ధమాడను. కొంత కుదిరింది, కొంత కుదరలేదు. కుదరనిచోట ఆయన ముఖం వాడబోయింది. సిస్టరు ఏమంది అన్నాను, దాంతో సర్దుకున్నాడు. చేతులున్నాయని నేనన్న మాట ఆయన మర్చిపోలేదని మాత్రం తెలిసింది. చాలాకాలం తర్వాత నా ఒళ్లు నాకు తేలికైంది. నేను ఏడ్చాను కూడా, దాచుకోకుండా, ఆయన ముందే.

ఎవరో వచ్చి షట్టరు మీద కొట్టారు. అయ్యా, పరుపు అయిందా అని కేకేశారు. మేమిద్దరం ఊపిరి తీయకుండా పడుకున్నాం, దొంగతనానికొచ్చిన వాళ్లలా. ఆ మనిషి కాసేపు గొణుక్కుని వెళ్లిపోయాడు. చెప్పిన గంటకి పరుపు ఇవ్వకపోతే ఆ రోజు అన్నం సహించని మనిషి మా ఆయన. లేచి పరుగెడతాడనే అనుకున్నాను. కదల్లేదు.

కాసేపటికి, పైకప్పు చూస్తూ, "రేపు కూడా ఈ వేళకి మూసేద్దామా?" అని అడిగాడు.

రేపటికి మూడు పరుపులు ఒప్పుకున్నాం, వాళ్లు ఊరుకోరని గుర్తుచేశాను.

"ఆగుతారులే" అన్నాడు మా ఆయన, నా మీద వేసిన చెయ్యి తీయకుండానే.